మనోవైద్యుడి మీద గురి: ఒక థ్రిల్లర్ చట్రాన్ని గురించి

థ్రిల్లర్ అనగానే పెదవి విరిచే విమర్శకులు మనలో చాలామంది ఉన్నారు. పెదవి విరవటం విమర్శ కాదు. లక్షలాదిమంది చదివే, చూసే సరుకును ‘చెత్త’ అని ఒక్క మాటతో తోసిపారేస్తే ఆ సరుకుకు వచ్చే నష్టం ఏమీ లేదు. అది ఎట్లా తయారవుతున్నదో, దేన్ని అమ్ముతున్నదో తెలుసుకునే అవకాశం మాత్రం మనకు పోతుంది. అందుచేత ఈ వ్యాసంలో నేను ఒకే ఒక్క రకం థ్రిల్లర్‌ను తీసుకుని, దాని చట్రాన్ని విప్పి చూపదలుచుకున్నాను.

ఆ చట్రం ఇది. ఒక మానసిక వైద్యుడు ఉంటాడు, లేదా వైద్యురాలు. చదువుకున్న మనిషి, పేరున్న మనిషి. అతని జీవితంలోకి ఇంకొకడు వస్తాడు. రోగిగా రావచ్చు, దొంగగా రావచ్చు, రోగికి స్నేహితుడిగా రావచ్చు. ఈ వచ్చినవాడికి జాలి లేదు, పశ్చాత్తాపం లేదు, మాట మాత్రం తేనె. ఇతరుల మనసులు చదవటం వృత్తిగా ఉన్నవాడికీ, ఇతరుల మనసులతో ఆడుకోవటం వృత్తిగా ఉన్నవాడికీ మధ్య పోటీ మొదలవుతుంది. ఎవరు ఎవరిని చదువుతారు? ఇదీ కథ.

దీన్నే ఎందుకు ఎన్నుకున్నాను? ఈమధ్య యువరచయితలు పరిశీలనకు ఇస్తున్న రాతప్రతుల్లో ‘సైకో’, ‘సోషియోపాత్’ అనే మాటలు నాకు తరచుగా కనిపిస్తున్నాయి. కథలో ఒకడు దారుణాలు చేస్తాడు. ఎందుకు చేశాడయ్యా అంటే, వాడు సోషియోపాత్ గనక. సోషియోపాత్ అని ఎట్లా తెలిసింది అంటే, అట్లాంటి దారుణాలు చేశాడు గనక! ఇది గానుగెద్దు నడక. ఎంత తిరిగినా ఉన్నచోటనే ఉంటుంది. మనిషి ఎందుకిట్లా తయారయ్యాడు అని అడగటం సాహిత్యం పని అయితే, ఆ ప్రశ్నను చంపేసే మాట ఒకటి రచయిత చేతికి శాస్త్రం పేరిట దొరికింది. కనుక ముందుగా ఆ మాట సంగతి చూద్దాం.

మాట ఎక్కడిది?

తెలివి చెడలేదు, భ్రమలు లేవు, లెక్క తప్పటం లేదు. అయినా ప్రవర్తన మాత్రం మనిషి ప్రవర్తనలాగా లేదు. ఇట్లాంటివాళ్లను ఏమనాలో వైద్యులకు రెండు వందల ఏళ్లకు పైగా తెగని సమస్యగా ఉంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో ఫిలిప్ పినెల్ దీన్ని మతిభ్రమ లేని ఉన్మాదం అన్నాడు. 1835లో ఇంగ్లండులో జేమ్స్ ప్రిచర్డ్ నైతిక ఉన్మాదం అన్నాడు. ఆ శతాబ్దం చివర జర్మనీలో కోఖ్ అనే వైద్యుడు ‘సైకోపతిక్’ అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. 1930లో అమెరికాలో పార్ట్రిడ్జ్ అనే ఆయన, లోపం బయటపడేది ఇతరులతో సంబంధాల్లో, అంటే సంఘంలో గనక, ‘సోషియోపాత్’ అనే మాట మేలన్నాడు. అంటే ఈ మాటకు ప్రచారం కల్పించినవాళ్ల దృష్టి మనిషి పుర్రె లోపలికంటే, మనుషుల మధ్య జరిగే వ్యవహారం మీద ఉంది. ఈ సంగతి మనం గుర్తుంచుకోవాలి. మళ్లీ దీనితో పని పడుతుంది.

1941లో హార్వీ క్లెక్లీ అనే అమెరికన్ మానసిక వైద్యుడు ‘ది మాస్క్ ఆఫ్ శానిటీ’ అనే గ్రంథం ప్రచురించాడు. మతిస్థిమితం అనే ముసుగు అని దాని అర్థం. ఇప్పటి థ్రిల్లర్ విలన్లందరికీ ఇదే పుట్టిల్లు అంటారు. కాని ఆ గ్రంథంలోని మనుషుల్లో ఎక్కువమంది హంతకులు కారు. దొంగచెక్కులు రాసేవాళ్లు, అప్పులు ఎగవేసేవాళ్లు, తాగి ఉద్యోగాలు పోగొట్టుకునేవాళ్లు, పెళ్లాం బిడ్డల్ని గాలికి వదిలేసేవాళ్లు, పట్టుబడ్డ ప్రతిసారీ కన్నీళ్లు పెట్టుకుని మర్నాడే మళ్లీ అదే పని చేసేవాళ్లు. థ్రిల్లర్ రచయితలు ఇందులోనుంచి ఆకర్షణనూ, నిర్దయనూ తీసుకున్నారు. రోజువారీ నీచత్వాన్ని వదిలేసి ఆ ఖాళీలో శవాలను పెట్టారు.

ఇక అధికారిక పేర్ల సంగతి. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తన మొదటి రోగనిర్ణయ పట్టికను 1952లో వెలువరించినప్పుడు అందులో ‘సోషియోపతిక్’ వ్యక్తిత్వం అనే శీర్షిక ఉంది. స్వలింగ ప్రేమను కూడా ఆ శీర్షిక కిందనే చేర్చారు! 1968 నాటి రెండో పట్టికలో ఆ శీర్షిక పోయింది. 1980 నాటి మూడో పట్టికలో సంఘవ్యతిరేక వ్యక్తిత్వ వైకల్యం అనే నిర్ధారణ స్థిరపడింది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు ఆ పేరు పెట్టగూడదు. పెట్టాలంటే పదిహేనేళ్లలోపే అలాంటి ప్రవర్తన మొదలైనట్టు ఆధారం ఉండాలి. కెనడాలో రాబర్ట్ హేర్ సైకోపతీని కొలవటానికి ఇరవై అంశాల పట్టిక ఒకటి తయారుచేశాడు. ఒక్కో అంశానికి సున్నా, ఒకటి లేక రెండు మార్కులు. శిక్షణ పొందినవారు సుదీర్ఘమైన ముఖాముఖీ జరిపి, పాత రికార్డులు తిరగేసి వేయవలసిన మార్కులవి. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పదకొండో వర్గీకరణ అయితే ఇట్లాంటి పేర్ల గదులను చాలావరకు తీసివేసి, తీవ్రత ఎంత, ఏ లక్షణాలు ప్రధానం అని మాత్రమే చూడమంటున్నది. మొత్తం మీద ‘సోషియోపాత్’ అనేది ఈనాడు ఏ వైద్యుడూ చీటీ మీద రాసే రోగం పేరు కాదు. అది సినిమాల్లోనూ, నవలల్లోనూ, తగాదాల్లోనూ బతుకుతున్న మాట.

కారణాల సంగతి అడిగితే, వంశపారంపర్యానికి పాత్ర ఉందని కవల పిల్లల మీద జరిగిన పరిశోధనలు చూపాయి. చిన్ననాటి హింసకూ, నిరాదరణకూ పాత్ర ఉందని మరికొన్ని పరిశోధనలు చూపాయి. ఏ ఒక్కటీ మొత్తాన్ని వివరించదు. ‘పుట్టుకతోనే రాక్షసుడు’ అనేవాడూ, ‘తల్లి కొట్టింది గనక హంతకుడయ్యాడు’ అనేవాడూ ఇద్దరూ తొందరపడుతున్నవాళ్లే.

వైద్యుడే ఎందుకు?

మోసపోయేవాడు బ్యాంకు మేనేజరు కావచ్చు, బడిపంతులు కావచ్చు. థ్రిల్లర్ రచయితలు మానసిక వైద్యుణ్ణే మళ్లీమళ్లీ ఎందుకు ఎన్నుకుంటారు? నాకు నాలుగు కారణాలు కనిపిస్తున్నాయి.

ఒకటి: వినటం అతని వృత్తిధర్మం. ఎదుటివాడు ఎంత అసహ్యమైన సంగతి చెప్పినా లేచిపోగూడదు, అసహ్యించుకోగూడదు. మంచి వైద్యుడికి ఉండవలసిన ఈ గుణమే దుర్మార్గుడికి తెరిచిన తలుపు.

రెండు: రహస్యం. రోగి చెప్పింది బయటపెట్టగూడదు. కాని రోగి ఇంకొకరిని చంపుతానంటే? వైద్యుడికి ఆ మూడో మనిషిని కాపాడే బాధ్యత ఉందని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1976లో తీర్పు చెప్పింది. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను రోగి హక్కుగా గుర్తిస్తూనే, ఇతరులకు హాని తప్పించటానికి అవసరమైన మేరకు సమాచారం వెల్లడి చేయవచ్చునని మినహాయింపు ఇచ్చింది. చెప్పాలా, వద్దా, ఎప్పుడు చెప్పాలి? ఉత్కంఠకు ఇంతకంటే సహజమైన ముడి కావాలని వెతుక్కోనక్కర్లేదు.

మూడు: అతని శాస్త్రానికి ఉన్న పరిమితి. గుండె జబ్బు వైద్యుడికి యంత్రం సాక్ష్యం చెబుతుంది. మానసిక వైద్యుడికి ప్రధాన సాక్ష్యం రోగి మాట, రోగి నడత, ఇంటివాళ్లు చెప్పిన కథ. అబద్ధాన్ని పట్టే రక్తపరీక్ష లేదు. అబద్ధమే ఆయుధమైనవాడికి ఈ గదిలో మొదటి ఎత్తు దానంతటదే దొరుకుతుంది.

నాలుగు: ఆ గది మధ్యతరగతి మనిషికి మిగిలిన ఆఖరి భద్రస్థలం. మెత్తటి కుర్చీ, పుస్తకాల బీరువా, తగ్గించిన వెలుతురు. బయటి ప్రపంచం అక్కడికి రాదని నమ్మకం. ఆ గదిలోకి బయటి ప్రపంచం కత్తి పట్టుకుని వస్తే పాఠకుడు ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడేది వైద్యుడి ప్రాణం కోసం కాదు, తన నమ్మకం కోసం.

నాలుగు సినిమాలు

చట్రం ఒకటే అయినా అది చెప్పే నీతి కాలాన్నిబట్టి మారింది. నాలుగు ఉదాహరణలు తీసుకుంటాను. ఆయా కాలాల సినిమాలన్నీ ఇంతేనని నా వాదన కాదు. దారి ఎటు వంగిందో చూపటానికి ఇవి మైలురాళ్లు.

మొదటిది జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘ది టెస్టమెంట్ ఆఫ్ డాక్టర్ మబూసె’. నేరసామ్రాజ్యాన్ని నడిపి మతి చెడిన మబూసె పిచ్చాసుపత్రిలో మంచం మీద కూర్చుని కాగితాలు నింపుతుంటాడు. అవన్నీ సమాజాన్ని భయంతో కూల్చివేసే పథకాలు. ఆసుపత్రి అధిపతి ప్రొఫెసర్ బౌమ్ ఆ రాతల్ని అధ్యయనం చేస్తాడు, తరగతిలో విద్యార్థులకు మబూసెను గురించి గొప్పగా ఉపన్యాసమిస్తాడు. అధ్యయనం ఆరాధన అవుతుంది. మబూసె చనిపోతాడు, కాని బౌమ్ మబూసెగా మారి, తెరచాటునుంచి ముఠాకు ఆజ్ఞలిస్తాడు. ఆ రాతలకూ బయట జరుగుతున్న నేరాలకూ పోలిక పట్టిన సాటి వైద్యుడు హత్య అవుతాడు. హిట్లర్ 1933 జనవరిలో అధికారానికి వచ్చాడు. మార్చిలో ఈ సినిమాను నిషేధించారు. ఇది నాజీలమీద ఎక్కుపెట్టిన సినిమా అని లాంగ్ తరవాతి కాలంలో చెప్పుకున్నాడు. ఆ మాటను పక్కన పెట్టినా సినిమాలో ఉన్నది ఉంది. ఉన్మాదానికి చదువుకున్నవాడు లొంగేది బలహీనుడై కాదు, దాన్ని మెచ్చుకుని. మబూసె బౌమ్‌ను బంధించలేదు. బౌమే తలుపు తీశాడు.

రెండోది అమెరికాలో 1939లో వచ్చిన ‘బ్లైండ్ ఆలీ’. దీనికి ఆధారం ఒక రంగస్థల నాటకం. 1948లో దీన్నే ‘ది డార్క్ పాస్ట్’ అనే పేరుతో మళ్లీ తీశారు. జైలునుంచి పారిపోయిన హంతకుడు ముఠాతో సహా ఒక మనస్తత్వ శాస్త్రజ్ఞుడి ఇంట్లో చొరబడి అందరినీ బందీలు చేస్తాడు. హంతకుణ్ణి ఒక పీడకల వెంటాడుతూ ఉంటుంది. వాన, చిల్లుపడిన గొడుగు, చుట్టూ ఊచలు. శాస్త్రజ్ఞుడు తుపాకీ మొన ఎదుట కూర్చుని ఆ కలను విప్పుతాడు. గొడుగు నిజానికి ఒక బల్ల. చిన్ననాడు దాని కింద దాక్కున్నప్పుడు పోలీసుల కాల్పుల్లో తండ్రి ఆ బల్ల మీద పడ్డాడు, రక్తం సందులోంచి కారింది. పోలీసులకు తండ్రిని పట్టించింది తనే. ఈ సంగతి తెలిసిన మరుక్షణం హంతకుడికి చంపే శక్తి పోతుంది, తుపాకీ పేలదు. ఇదెంత హాయైన నమ్మకం! జ్ఞానం ఒక్క రాత్రిలో తుపాకీని ఓడిస్తుంది. నేరానికి మూలం ఒకే ఒక్క జ్ఞాపకం, దాన్ని పెరికేస్తే నేరం ఎండిపోతుంది. బల్ల చుట్టూ పోలీసుల కాళ్లు కనిపించాయి గాని, ఆ కాళ్లను అక్కడికి నడిపించిన బతుకు మాత్రం కలలోకి రాలేదు.

మూడోది 1954లో బ్రిటన్‌లో వచ్చిన ‘ది స్లీపింగ్ టైగర్’. ఒక రాత్రి వీధిలో తనను దోచుకోబోయిన యువకుణ్ణి మానసిక వైద్యుడు లొంగదీసుకుంటాడు. పోలీసులకు అప్పగించడానికి మారుగా, ఆరు నెలలు తన ఇంట్లో ఉంటే బాగుచేస్తానని ఒప్పందం చేసుకుంటాడు. యువకుడు ఇంట్లో ఉంటూనే దొంగతనాలు సాగిస్తాడు, వైద్యుడి భార్య మనసు కాజేస్తాడు. చివరకు యువకుడు లోపలి సంగతి బయటపెట్టి ఏడ్చి బాగుపడతాడు. నిద్రపోయే పులి మాత్రం భార్యలో లేచి, ఆమె కారు ప్రమాదంలో చనిపోతుంది. ప్రయోగం సఫలమైంది, ఇల్లు కూలింది. తన ఇంట్లోనే ఉన్న మనిషిని చూడలేకపోయిన వైద్యుడు వీధిలో దొంగను మాత్రం చదవగలిగాడు!

ఈ సినిమాకు దర్శకుడిగా తెర మీద విక్టర్ హాన్‌బరీ అనే పేరు పడింది. తీసింది జోసెఫ్ లోసీ. అమెరికాలో కమ్యూనిస్టు ముద్రవేసి కళాకారులను వేటాడిన రోజుల్లో నల్లజాబితాకెక్కి, దేశం విడిచి, సొంతపేరు పెట్టుకోలేకపోయినవాడు. రచయితల్లో ఒకడైన కార్ల్ ఫోర్‌మన్‌దీ అదే స్థితి, అతను కూడా మారుపేరు చాటునే ఉన్నాడు. ‘సంఘానికి ప్రమాదకారి’ అనే ముద్ర తమ వీపుమీద ఉన్నవాళ్లు, అదే ముద్ర ఉన్న యువకుడి కథ చెప్పారు. ఆ యువకుడి పట్ల సినిమాకున్న ఓపికకు ఇదీ ఒక కారణమని నేను అనుకుంటాను.

నాలుగోది 1987లో డేవిడ్ మామెట్ తీసిన ‘హౌస్ ఆఫ్ గేమ్స్’. దర్శకుడిగా అతని మొదటి సినిమా. మార్గరెట్ ఫోర్డ్ అనే మానసిక వైద్యురాలు వ్యసనాలకు బానిసలైనవాళ్లను గురించి పుస్తకం రాసింది, అది బాగా అమ్ముడుపోయింది. ఒక రోగి, జూదంలో ఇరవై అయిదువేల డాలర్లు బాకీపడ్డాననీ తనను చంపేస్తారనీ ఏడుస్తాడు. అతనికోసం ఆమె జూదగృహానికి వెళుతుంది. అక్కడి మైక్ అనేవాడు ఆమెను ఒక చిన్న సహాయం కోరతాడు. పేకాటలో ఎదుటివాడు అబద్ధం ఆడేటప్పుడు వేలి ఉంగరం తిప్పుతాడు, తను గదిలో లేనప్పుడు అతను తిప్పుతాడో లేదో చూసి చెప్పమంటాడు. ఆమె చూస్తుంది, చెబుతుంది, పందేనికి పూచీ కూడా పడుతుంది. పందెం ఓడిపోతుంది. ఎదుటివాడు తుపాకీ తీస్తాడు. ఆరువేల డాలర్లకు చెక్కు రాయబోతూ చూస్తే తుపాకీలోంచి నీళ్లు కారుతున్నాయి! అది పిల్లల తుపాకీ. అందరూ కలిసి ఆడిన నాటకం.

ఆమెకు కోపం రావాలి. రాలేదు, ఆసక్తి కలిగింది. మోసగాళ్ల మీద పుస్తకం రాద్దామనుకుంటుంది. మైక్ ఆమెకు మోసం మెలకువలు నేర్పుతాడు. ఎదుటివాడి నమ్మకాన్ని అడగటం కాదు, ముందు మన నమ్మకాన్ని అతనికి ఇవ్వాలి అంటాడు. ఈ స్నేహమంతా ఇంకా పెద్ద మోసానికి పునాది. ఆమె ఎనభైవేల డాలర్లు పోగొట్టుకుంటుంది. మొదట ఏడుస్తూ వచ్చిన ఆ రోగి కూడా ముఠాలోవాడే అని తెలుస్తుంది. చివరకు ఆమె మైక్‌ను కాల్చి చంపుతుంది, తనను తాను క్షమించుకుంటుంది, హోటల్లో ఎవరిదో బంగారు లైటరు దొంగిలిస్తుంది.

ఏమి మారింది?

1933లో వైద్యుడు దుర్మార్గుణ్ణి ఆరాధించి నాశనమయ్యాడు. 1939లో వైద్యుడి జ్ఞానమే గెలిచింది. 1954లో జ్ఞానం గెలిచి జ్ఞాని ఓడిపోయాడు. 1987కు వచ్చేసరికి జ్ఞానమే ఎర అయింది. ‘నేను మనసులు చదవగలను’ అన్న ఆమె గర్వాన్ని గాలానికి గుచ్చి ఆమెనే పట్టారు. ఉంగరం తిప్పటం ఆమె కనిపెట్టిన రహస్యం కాదు, ఆమె కనిపెట్టాలని పెట్టిన రహస్యం.

నాలుగేళ్లకు, 1991లో వచ్చిన ‘ది సైలెన్స్ ఆఫ్ ది లాంబ్స్’ ఇంకో అడుగు వేసింది. అందులో నరభక్షకుడైన హంతకుడే మానసిక వైద్యుడు. అతన్ని బంధించి ప్రచారానికి వాడుకోచూసిన ఆసుపత్రి అధికారి చివరకు అతనికి వేట అవుతాడు. ప్రేక్షకుడు ఆ వేటకు నవ్వుకుంటూ బయటికి వస్తాడు. మైక్‌ను చూసి మనం కొంత భయపడి ఎక్కువ నేర్చుకుంటాం. నరభక్షకుణ్ణి చూసి చాలా భయపడి ఏమీ నేర్చుకోం.

నా దృష్టిలో ‘హౌస్ ఆఫ్ గేమ్స్’ బలం ఇక్కడుంది. మైక్‌కు ఏ రోగమో సినిమా చెప్పదు. అతని బాల్యం చూపదు. అతనికి ఉన్నది ఒక వృత్తి. ముఠాలో ఒక్కొక్కరికి ఒక్కొక్క వేషం, రిహార్సలు, పెట్టుబడి, లాభం. మామెట్ అంతకుముందు స్థలాల అమ్మకందార్ల మీద రాసిన ‘గ్లెన్‌గారీ గ్లెన్ రాస్’ నాటకానికి 1984లో పులిట్జర్ బహుమతి వచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెడితే ఆ అమ్మకందార్లకూ ఈ మోసగాళ్లకూ పోలిక కొట్టవచ్చినట్టు కనబడుతుంది. నిర్దయ ఇక్కడ పుర్రెలోని లోపం కాదు, సరుకు అమ్ముకునే పద్ధతి. వైద్యురాలు కూడా అమాయకురాలు కాదు. రోగి కష్టంలో ఆమెకు పుస్తకం కనిపించింది. మోసగాడు ఆమెకు అమ్మింది సరిగ్గా ఆమె కొనదలుచుకున్నదే.

లోపం కూడా చెప్పాలి. ఒంటరిగా, వృత్తిలో పైకి వచ్చిన స్త్రీ లోపల ఏదో అణచుకుని ఉంటుందనీ, మోసగాడు దాన్ని బయటికి తీశాడనీ సినిమా సూచిస్తుంది. ‘స్లీపింగ్ టైగర్’లో భార్యకు జరిగిందీ ఇదే. పురుషులు బాగుపడతారు లేదా వీరమరణం పొందుతారు. స్త్రీలలో మాత్రం పులి ఉంటుంది. ముప్పైమూడేళ్లలో ఈ ఒక్క సంగతి మారలేదు.

ముద్ర ఎవరి మీద పడుతుంది?

ఇదంతా సినిమా గొడవే గదా అనవచ్చు. కాదు. ‘వీడు పుట్టుకతోనే ఇంత’ అనే భావానికి చరిత్ర ఉంది. 1876లో ఇటలీలో లొంబ్రోసో, నేరస్థుణ్ణి ముఖకవళికలనుబట్టి గుర్తించవచ్చునని సిద్ధాంతం చేశాడు. అంతకు అయిదేళ్లముందే, 1871లో, బ్రిటిష్ ప్రభుత్వం మన దేశంలో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. దానికింద కులాలకు కులాలే నేరస్థులు. బిడ్డ ఇంకా నడక నేర్వకముందే దొంగ. మన స్టూవర్టుపురం ఆ చట్టం నీడలో ఏర్పడిన సెటిల్‌మెంటే. 1952లో ఆ చట్టం రద్దయింది గాని, ఎరుకల కుటుంబాల మీద ఆ ముద్ర పోవటానికి రద్దు చాలలేదు.

మంచి ఆశయాలు చెప్పుకున్న రాజ్యాలు కూడా దీనికి మినహాయింపు కాదు. సోవియట్ యూనియన్‌లో ప్రభుత్వాన్ని విమర్శించినవాళ్లకు మందకొడి స్కిజోఫ్రీనియా అనే పేరు పెట్టి ఆసుపత్రుల్లో బంధించారు. ఈ విషయంలో వచ్చిన విమర్శల ఫలితంగా 1983లో సోవియట్ మానసిక వైద్యుల సంఘం ప్రపంచ సంఘంనుంచి తప్పుకోవలసి వచ్చింది. అభ్యుదయం పేరు చెప్పుకునే మనం ఈ మాట అనకుండా దాటేస్తే, మన విమర్శ సగం విమర్శే అవుతుంది.

ఇంకొక సంగతి. థ్రిల్లర్లలో మానసిక రోగి అంటే చేతిలో కత్తి. నిజంలో అతని కాలికి గొలుసు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో, గొలుసులతో కట్టివేయబడిన 28 మంది మానసిక రోగులు మంటల్లో చనిపోయారు. గొలుసులు లేకుంటే పరుగెత్తేవాళ్లే. ‘సైకో’ అనే మాటను కథలో విసిరేసేముందు రచయిత ఈ గొలుసు సంగతి ఒక్కసారి గుర్తుచేసుకోవాలి.

మనకు పనికివచ్చేదేమిటి?

ఈ చట్రాన్ని తెలుగులోకి ఉన్నదున్నట్టు దించితే ఏమవుతుంది? లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడైనా లేని దేశం మనది. మనసు చెడినవాణ్ణి మొదట తీసుకుపోయేది భూతవైద్యుడి దగ్గరికి, గుడికి, దర్గాకు. మెత్తటి కుర్చీ, తగ్గించిన వెలుతురు ఉన్న ఆ గది మన పాఠకుల్లో నూటికి తొంభై మందికి సినిమాలోనే తెలుసు. 1980లలో మన వారపత్రికల సీరియళ్లు చేతబడినీ, మనస్తత్వ శాస్త్రాన్నీ ఒకే గిన్నెలో కలిపి వండినప్పుడు అవి అంతగా అమ్ముడుపోవటానికి ఒక కారణం ఇదేననుకుంటాను. పాఠకుడికి రెండూ సమానంగా అందనివే, సమానంగా మాయలే.

తెలుగులో మనసును శోధించిన నవలలు లేకపోలేదు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, రావిశాస్త్రి ‘అల్పజీవి’ ఉన్నాయి. కాని అవి ఎక్కువగా బాధపడే మనసును శోధించాయి. బాధపెట్టే మనసు, ఏ బాధా లేకుండా బాధపెట్టే మనసు, మన సాహిత్యంలో ఎక్కడుంది?

నాకు తట్టే జవాబు గిరీశం. విద్యార్థులు నవ్వవచ్చు. కాని చూడండి. పూటకూళ్లమ్మ సొమ్ము కాజేస్తాడు, పశ్చాత్తాపం లేదు. పట్టుబడ్డప్పుడల్లా కొత్త మాట పుడుతుంది. చదువు తప్పిన వెంకటేశాన్ని పట్టుకుని అగ్రహారం చేరతాడు. బుచ్చమ్మ దుఃఖంలో తనకు దారి చూసుకుంటాడు. చివరకు అతని గురి ఎవరి మీద? సౌజన్యారావు పంతులు మీద. చదువుకున్నవాడు, మంచివాడు, సంస్కర్త. గిరీశం ఆయనకు ఆయన ఆదర్శాలనే తిరిగి అమ్ముతాడు. మైక్ వైద్యురాలికి చేసింది ఇదే. క్లెక్లీ గ్రంథంలోని మనుషుల పక్కన నిలబెడితే, గిరీశం పరాయివాడిలా ఉండడు.

కాని గురజాడ గిరీశానికి రోగం పేరు పెట్టలేదు. అతను ఏ నేల మీద మొలిచాడో చూపాడు. కూతుళ్లను అమ్ముకునే అగ్నిహోత్రావధాన్లు, దొంగ జాతకాలు, దొంగ సాక్షులు, ఇంగ్లీషు ముక్కలకు దాసోహమనే అగ్రహారం. అందరూ కొద్దోగొప్పో మోసమే వ్యాపారంగా ఉన్నచోట గిరీశం అందరికంటే బాగా మాట్లాడతాడు, అంతే. నవ్వుతూ నవ్వుతూ మనం కూడా అతని వలలో పడతాం, పడ్డామని తెలిసేసరికి నాటకం ముగుస్తుంది.

కనుక ఈ రకం థ్రిల్లర్ రాయదలుచుకున్న యువరచయితలకు నేను చెప్పేది మూడే మాటలు. విలన్‌కు రోగం పేరు పెట్టకముందు, అతని తిండి ఎట్లా గడుస్తున్నదో రాయండి. మోసపోయేవాడు ఏమి కోరుకుని మోసపోయాడో రాయండి, ఎందుకంటే ప్రతి మోసానికీ సగం ముడిసరుకు మోసపోయేవాడి దగ్గరే ఉంటుంది. మూడోది, ఆ ఇద్దరూ కూర్చున్న గదికి గోడలు కట్టింది ఎవరో, ఆ గదిలోకి రాలేక బయట నిలబడ్డది ఎవరో రాయండి. చిట్టీల కంపెనీ గుమాస్తా గదీ, పెళ్లిళ్ల పేరయ్య అరుగూ, బాబాగారి ఆశ్రమం వసారా, ఏదైనా సరే ఆ గది కావచ్చు. అమెరికా కుర్చీ అరువు తెచ్చుకోనక్కర్లేదు.

ఉత్కంఠ పాపం కాదు. తరవాత ఏమవుతుందో అన్న ఆత్రం మనిషికి ఉన్నంతకాలం థ్రిల్లర్ ఉంటుంది. ‘తరవాత ఏమయింది?’ అనే ప్రశ్న దగ్గర పాఠకుణ్ణి పట్టుకున్న రచయిత, అతన్ని ‘ఇట్లా ఎందుకయింది?’ అనే ప్రశ్నదాకా నడిపించగలిగితే ఆ రచన థ్రిల్లర్ అయినా సాహిత్యమే. ‘వాడు సోషియోపాత్’ అని అక్కడే తలుపు మూసేస్తే, ఎంత భయపెట్టినా అది పాఠకుణ్ణి నిద్రపుచ్చే రచనే.